బొమ్మను మాటను ముడివేసిన తీగ

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకప్పుడు రాతిగుట్టల నడుమనున్న పల్లెలు. 1998లో అచ్చట హైటెక్ సిటీ మొదటి భవనమగు సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. నేడు ఆ ప్రాంతమంతయు కంప్యూటరు సంస్థలతోను, వాని నడుమ వెలసిన సినిమాశాలలతోను నిండియున్నది. ఈ సినిమాశాలల యంత్రపు గదిలో ఫిల్ము చుట్ట సాధారణముగా కానరాదు. బొమ్మయు, మాటయు అంకెల రూపమున ఒకే పెట్టెలో నిలువయుండి, ఒకే గడియారము ననుసరించి వెలువడును. నటుని పెదవి కదలికకును మాటకును పొత్తు తప్పునేమో యను చింత ప్రేక్షకునకు లేదు. కాని ఈ రెంటిని ముడివేయుట మొదటినుండియు ఇంత సులభము కాదు. ఆ ప్రయత్నముల చరిత్రలో చాల భాగము పాత ప్రొజెక్టరుల విద్యుత్ తీగలలో దాగియున్నది.

తెలుగువారికి ఈ కథ రఘుపతి వెంకయ్యతో ఆరంభమగును. 1869లో మచిలీపట్నమున జన్మించిన ఈయన మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడెను. 1909లో రూ. 30,000 వెచ్చించి క్రోనోమెగాఫోను అను యంత్రమును కొని, 1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చెను. పిమ్మట గుడారముతో ఊరూర తిరిగి చలనచిత్రములను చూపెను.

ఈ యంత్రము ఫ్రాన్సు దేశస్థుడగు లియాన్ గోమాన్ సంస్థ నుండి వచ్చినది. ఆయన 1902లో ప్రదర్శించిన క్రోనోఫోనుకు ఇది పెరిగిన రూపము. ఇందులో బొమ్మ ఫిల్ముపైనను, పాట గ్రామఫోను పళ్లెముపైనను ఉండును. ప్రొజెక్టరు ప్రేక్షకుల వెనుక, గ్రామఫోను తెర చెంత. రెంటికిని చెరియొక విద్యుత్ మోటారు కలదు. ఒక మోటారులోని తిరుగు చుట్టలను రెండవదాని చుట్టలతో జతజతగా తీగలచే కలిపిరి. అందువలన ఒకటి నెమ్మదించిన రెండవదియు నెమ్మదించును; ఒకటి వేగపడిన రెండవదియు వేగపడును. ఫిల్ము తెగి అతుకు పడినచో పొత్తు తప్పును గదా! అప్పుడు యంత్రము నడుపువాడు మరియొక చిన్న మోటారుతో ప్రొజెక్టరును కొంచెము ముందునకో, వెనుకకో జరిపి సరిచేయును. ధ్వనిని పెంచు వాల్వులు ఇంకను వాడుకలోనికి రానందున, ఒత్తిడిగల గాలితో పాటను బిగ్గరగా వినిపించెడివారు.

హైదరాబాదులో హుస్సేన్ సాగరు చెంత 1920లో విద్యుత్ కేంద్రము వెలసెను. 1922లో ధీరేన్ గంగూలీ ఈ నగరమున లోటస్ ఫిల్మ్ కంపెనీని స్థాపించి మూకీ చిత్రములు తీసెను. 1931లో ‘ఆలం ఆరా’, 1932లో తెలుగు ‘భక్త ప్రహ్లాద’ విడుదలయ్యెను. నాటినుండి మాట ఫిల్ము అంచుననే సన్నని చారగా అచ్చుపడసాగెను. పళ్లెమును, ఫిల్మును కలిపెడి తీగల అవసరము తీరెను. కాని మరికొన్ని తీగలు వచ్చి చేరెను.

మాట్లాడు చిత్రపు ప్రొజెక్టరులో ముఖ్యముగా రెండు విద్యుత్ మార్గములు కలవు. మొదటిది వెలుగు మార్గము. రెండు కర్బనపు కడ్డీల నడుమ మండు ఆర్కు దీపమునకు పదుల ఆంపియరుల ప్రవాహము కావలెను. వెలుగు నిలుకడగా ఉండుటకు ఊరి ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి ఇత్తురు. రెండవది ధ్వని మార్గము. ఒక చిన్న దీపపు కాంతి ఫిల్ము అంచునగల చారగుండ పోయి ఫోటోసెల్లుపై పడును. చార మారినకొలది కాంతి మారును. కాంతి మారినకొలది సెల్లులోని ప్రవాహము మారును. ఆ ప్రవాహము ఆంపియరులో పది లక్షవ వంతులు కొన్ని మాత్రమే. ఒకే యంత్రములోని ఈ రెండు ప్రవాహములకు ఇంచుమించు కోటి రెట్ల తారతమ్యము కలదు!

పాత ప్రొజెక్టరును తిరిగి నడిపింపగోరువారికి చిక్కంతయు ఇచ్చటనే కలదు. ఉక్కు పళ్లచక్రములు నూనె పడినచో దశాబ్దములు నిలుచును. తీగపై రబ్బరు తొడుగు మాత్రము వేడికి, గాలికి ఎండి పెళుసై రాలిపోవును. ఆర్కు దీపపు తీగలకు పూర్వము వాడిన ఆస్బెస్టాసు తొడుగు మరియొక ప్రమాదము. దాని నార దుమ్ముగా ఊపిరితిత్తులలో చేరినచో కాన్సరు వంటి వ్యాధులు కలుగును. దానిని వట్టి చేతులతో లాగరాదు. అందు నేర్పుగలవారే తొలగించి గాజునార తొడుగుగల తీగను వేయవలెను. అట్టే అనేక పాత యంత్రములకు భూమితీగ లేదు. ఇనుప పెట్టెకు విద్యుత్తు సోకినచో తాకినవారి ప్రాణమునకే ముప్పు.

ధ్వని మార్గమున సూక్ష్మత ఎక్కువ. ఫోటోసెల్లు తీగకు లోహపు అల్లిక కవచముండును. ఆ కవచమును రెండు చివరల భూమికి కలిపినచో మాటతోపాటు ఝుమ్మను రొదయు వినవచ్చును. కావున సాధారణముగా ఒక చివరనే కలుపుదురు. ధ్వనిదీపమునకు ఏకముఖ విద్యుత్తు ఇచ్చుటకును కారణమున్నది. సెకనుకు 50 ఆవృత్తులుగల ఏకాంతర విద్యుత్తుతో దీపము సెకనుకు 100 మారులు హెచ్చుతగ్గగును. ఫోటోసెల్లు దానినికూడ ధ్వనిగా చదువును.

పాత తీగలనన్నింటిని కోసివేసి, తోచినట్లు క్రొత్తవి వేసినచో యంత్రము తిరుగవచ్చును. కాని నిర్మాత యే సమస్య నే విధముగా పరిష్కరించెనో తెలుపు సాక్ష్యము ఆ తీగలతోనే పోవును. కనుక నేర్పరి మొదట ఫోటోలు తీయును; ప్రతి తీగ రెండు చివరలను ఒకే అంకెగల చీటీ కట్టును; పటము గీయును. ఆ పిమ్మటనే కత్తెర పట్టును. తీసిన ఆరోగ్యకరమగు పాత తీగలనుండి చిన్న ముక్కను గుర్తువ్రాసి భద్రపరచును. క్రొత్త తొడుగుల నిరోధమును కొలిచి, వోల్టేజిని కొంచెము కొంచెముగా పెంచి పరీక్షించును.

గోమాన్ తీగల కట్టతో సాధింపగోరిన పొత్తునే నేడు హైటెక్ సిటీ సినిమాశాలలో గడియారపు స్పందనలు సాధించుచున్నవి. సమస్య ఒక్కటే, సాధనము మారినది. ఆ మార్పును విద్యార్థికి కంటితో చూపగలది మూలనపడిన పాత ప్రొజెక్టరు. దాని తీగలు ఎచ్చటనుండి ఎచ్చటికి పోవుచున్నవో ఎవరైన వ్రాసియుంచినపుడే అది పాఠము చెప్పగలదు.