కళకు కష్టమే మూలమా?

మన సంఘం సభల్లో ఒక మాట తరచూ వింటుంటాం: నేతగాడి కష్టంలోంచే కళ పుట్టిందని. వినడానికి బాగుంటుంది, చప్పట్లూ పడతాయి. కానీ మన చరిత్రను కాస్త వెనక్కి తిరిగి చూస్తే అది సగం నిజమే అనిపిస్తుంది.

మన ఆనేకల్ పట్టు చీరనే తీసుకుందాం. గుంత మగ్గంలో కూర్చుంటే నడుము, మోకాళ్లు ఎంత నొప్పి పెడతాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ నొప్పి చీరలో ఎక్కడా కనపడదు. కనపడేది అంచుకు ఏ రంగు నప్పుతుందో ఎంచిన కన్ను, తెగిన పోగును ఆనవాలు లేకుండా అతికిన వేళ్లు. ఆ నేర్పునే కళ అంటాం.

దేవాంగులు కొలిచే జేడర దాసిమయ్య బసవన్న కంటే ముందువారు. జేడర అంటేనే నేతగాడు. మగ్గం నేస్తూనే ఆయన కన్నడంలో వచనాలు చెప్పారు. ఎన్ని బాధలు పడ్డారో లెక్కపెట్టి మనం ఆయన్ని తలుచుకోవడం లేదు. కొద్ది మాటల్లో ఎంతో చెప్పారు కాబట్టే ఇన్ని వందల ఏళ్లు నిలిచారు.

ఇక తెలంగాణ సంగతి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు పోచంపల్లి చీరలకు ఆసు పోసేవారు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక మల్లేశం గారు ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ బాధ కొత్త ఆలోచన పుట్టించిన మాట నిజమే. ఆ ఆలోచన పుట్టింది మాత్రం బాధను పోగొట్టడానికి. యంత్రం వచ్చాక పోచంపల్లి కళ ఏమీ తగ్గలేదు. పోగులకు ముడులు కట్టడం, రంగులద్దడం, నేయడం మనిషి చేతిలోనే ఉన్నాయి.

మన పిల్లలు బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ఫ్యాక్టరీలకు పోతున్నారు. వాళ్లను ఏమని తప్పుపడతాం? కష్టమే కళ అని పొగుడుతూ కూర్చుంటే మజూరీ పెంచాల్సిన పని ఎవరికీ ఉండదు. నేర్పుకు విలువ కడితేనే ఆ నేర్పు ఇంట్లో నిలుస్తుంది. ఇకపై మన సభల్లో నేతగాణ్ణి సన్మానించేటప్పుడు శాలువాతో పాటు ఆయన మజూరీ లెక్క కూడా అడుగుదాం.