తలాంతు: ఒక మాట చరిత్ర

"నాకు ఏ తలాంతూ లేదండీ అయ్యగారూ" అనే మాట వినని సంఘ కాపరి ఉండడు. పాడగలవారికి, ప్రసంగింపగలవారికి మాత్రమే తలాంతులున్నవని మన తలంపు. ఇంగ్లీషులో 'టాలెంట్' అంటే ప్రతిభ అని బడిపిల్లలకు కూడ తెలుసు. కాని ఈ మాట పుట్టిన నాడు దీనికీ, ప్రతిభకూ ఏ సంబంధమూ లేదు.

గ్రీకు భాషలో 'తలాంతోన్' అనగా మొదట త్రాసు. పిమ్మట త్రాసులో తూచిన బరువు. ఆ తరువాత అంత బరువుగల వెండి లేక బంగారము. సంస్కృతములోని 'తులా' శబ్దము కూడ ఇదే మూలధాతువునుండి వచ్చినదని భాషా పండితులు చెప్పుదురు. కాబట్టి పెండ్లికి మనము కొనే తులము బంగారమూ, ఈ తలాంతూ దూరపు చుట్టములే!

ఏథెన్సు తూకములో తలాంతు సుమారు 26 కిలోలు. వెండిలో అది 6,000 ద్రాక్మాలు. ద్రాక్మా ఇంచుమించు దేనారముతో సమానము. దేనారము కూలివాని దినవేతనమని మత్తయి 20వ అధ్యాయము చెప్పుచున్నది. అంటే వారమునకు ఆరు దినములు పనిచేసినను, ఒక్క తలాంతు సుమారు 19 ఏండ్ల కూలి! మత్తయి 25వ అధ్యాయములో ఒకే తలాంతు పొందిన దాసుడు కొంచెము పొందినవాడు కాడు.

మధ్యయుగములలో లాటిన్, ఫ్రెంచి భాషలలో ఈ మాటకు 'కోరిక, మనస్సు మొగ్గు' అను అర్థము కలిగి, ఇంగ్లీషులోనికి వచ్చినది. 15వ శతాబ్దమునాటికి యేసు చెప్పిన ఆ ఉపమానము మూలముగా 'దేవుడిచ్చిన నేర్పు' అను అర్థము స్థిరపడినది. క్రమముగా ఇచ్చినవాని పేరు జారిపోయి, నేర్పు మాత్రమే మిగిలినది. 1832లో కవి కోల్‌రిడ్జ్ 'టాలెంటెడ్' అను క్రొత్త ప్రయోగమును మోటు మాటయని ఈసడించెను. అయినను అది నిలిచినది. 20వ శతాబ్దములో సినిమావారు నటులను, గాయకులనే 'టాలెంట్' అనసాగిరి.

ఈ ప్రయాణములో మనము పోగొట్టుకొన్నది ఒకటి ఉన్నది. ఉపమానములో యజమానుడు ఎవని సామర్థ్యమునుబట్టి వానికి తలాంతులు ఇచ్చెను. అనగా సామర్థ్యము వేరు, తలాంతు వేరు. తలాంతు దాసునిలో ఉన్నది కాదు, దాసుని చేతికి అప్పగింపబడినది. నేటి వాడుక ఆ రెంటినీ ఒకటి చేసివేసినది.

నేను మునుపు సేవచేసిన ఒక పల్లెలో ఒక తల్లి ఏండ్ల తరబడి గుడి తాళపుచెవి తన కొంగున కట్టుకొని తిరిగేది. ఆరాధనకు ముందు వచ్చి, ఊడ్చి, చాపలు పరచి, దీపము వెలిగించేది. ఆమె కూడ నాతో, "చదువు రానిదాన్ని, నాకేం తలాంతుందయ్యగారూ" అన్నది. అప్పుడు నేను చెప్పలేకపోయిన జవాబు ఇది: అమ్మా, నీ కొంగున ఉన్నదే తలాంతు.

నూరేండ్ల లెక్క చూచుకొనే ఈ వేళ, మనలో ఎవరికెంత ప్రతిభ ఉన్నదని కాక, ఎవరి చేతికి ఏమి అప్పగింపబడినదని అడుగుకొందము.