నగరం చుట్టూ బతికిన జిల్లా

అమీర్‌పేట ఒక రెవెన్యూ మండలం. దానికి తహసీల్దారు ఉన్నాడు, పల్లె ఒక్కటీ లేదు. ఆనుకుని ఉన్న పంజగుట్ట పేరులో గుట్ట మాత్రం మిగిలింది. శిక్షణ కేంద్రాల కోసం ఇక్కడికి వచ్చే పల్లె విద్యార్థులకు, ఒకప్పుడు ఈ నేల కూడా పల్లెసీమే అంటే నమ్మశక్యం కాదు.

హైదరాబాదు చుట్టూ ఉన్న ఆ పల్లెసీమకు నిజాం పాలనలో పెట్టిన పేరు అత్రాఫ్-ఎ-బల్దా, అంటే నగర పరిసరాలు. జిల్లాకు తన ఏటి పేరైనా, ఊరి పేరైనా దక్కలేదు. అది ఎవరి కోసం ఉన్నదో పేరే చెప్తుంది. అది సర్ఫేఖాస్, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూమి. సంస్థానంలో నూటికి సుమారు పది పాళ్ళు ఇలాంటిదే. ముప్ఫై పాళ్ళు జాగీర్లు. ప్రభుత్వానికి శిస్తు కట్టే దివానీ భూమి అరవై పాళ్ళు. అమీర్‌పేట పొరుగున ఉన్న బేగంపేట, నిజాం ఇంటి ఆడపడుచుకు కట్నంగా పైగా ప్రభువులకు వెళ్ళిన నేల అని చెప్పుకుంటారు. రైతులతో సహా వెళ్ళిందని వేరే చెప్పనక్కరలేదు!

మూసీ ఒడ్డున హైకోర్టు భవనం 1920లో ప్రారంభమయింది. ఆ రోజుల్లోనే నిజాం న్యాయశాఖను పరిపాలన నుండి విడదీశాడు. బ్రిటిషిండియాలో కలెక్టరే మేజిస్ట్రేటుగా చెలామణి అవుతున్న కాలమది, కనుక మెచ్చుకోదగిన పనే. కాని పైగాలకు సొంత పోలీసులూ, సొంత కోర్టులూ ఉండేవి. శిస్తు పిండే చేతికే తీర్పు చెప్పే అధికారం. అక్కడ విడదీయడానికి ఏముంది?

పైగా తీర్పు ఉర్దూలో. తెలుగుకు దక్కిన గౌరవమెంతో 1921 నవంబరులో తేలింది. వివేకవర్ధని థియేటరులో జరిగిన సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. వకీలు గతే అదయితే, కాగితం చదవలేని రైతు గతి ఏమిటి?

1949 ఫిబ్రవరిలో సర్ఫేఖాస్ దివానీలో కలిసింది, ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఇవి ఫర్మానాల దయ అనుకోవడం పొరపాటు; 1946 నుండి రైతులు చేసిన సాయుధ పోరాటం వాటి వెనుక ఉంది. అత్రాఫ్ బల్దా, బాగాత్ కలిసి హైదరాబాదు జిల్లా అయ్యాయి. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. పల్లెకు పాలన చేతికొచ్చిందన్నారు; వచ్చిన చోట చాలావరకు పాత దొరలే సర్పంచులయ్యారు.

1978 ఆగస్టు 15న పల్లె భాగాన్ని మళ్ళీ వేరుచేసి, కె.వి. రంగారెడ్డి పేర జిల్లా చేశారు. మిగిలిన హైదరాబాదు జిల్లాలో 2011 జనాభా లెక్కల నాటికి గ్రామీణులు ఒక్కరూ లేరు. జిల్లా పరిషత్తూ లేదు. కొత్త జిల్లాకేమో పరిషత్తు ఉంది, కలెక్టరు ఉన్నాడు, కచేరీ మాత్రం నగరంలోనే ఉండిపోయింది. భూమి పత్రం కోసం రైతు అత్రాఫ్ నాటి దారినే నడిచాడు.

2022 ఆగస్టులో కలెక్టరేటు కొంగర కలాన్‌కు తరలింది. అది నగరానికి ఆగ్నేయాన ఉంది. పడమటనున్న చేవెళ్ళ రైతు అక్కడికి పోవాలంటే ఇప్పటికీ నగరాన్ని చుట్టి పోవలసిందే.