పండుగ కదల్లేదు, పంట కదిలింది

మీ హాబీ ఏమిటని జగ్గయ్యపేట, నందిగామ పక్క ఊళ్లలో ఏ రైతునైనా అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఆ మాట బడిపిల్లల దరఖాస్తు కాగితాలది. ఊళ్లో వాడే మాటలు వేరు. తేలిగ్గా ఉంటే సరదా, పొద్దుపోవడానికైతే కాలక్షేపం, ముదిరితే పిచ్చి. ఫలానా ఆయనకు నాటకాల పిచ్చి, వాళ్ల నాన్నకు ఎడ్ల పిచ్చి, తాతకు భజన పిచ్చి. ఇందులో పిచ్చి అన్నది సగమే నింద. పొలం బీడు పెట్టనంతవరకు మిగతా సగం మెచ్చుకోలే.

అయితే ఈ పిచ్చికి పొద్దు ఎక్కడిది? మెట్ట రైతు విషయంలో దీనికి జవాబు చాలాకాలం నేలే చెప్పింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. దాని దిగువన డెల్టా అంతా కాలువల నీటితో పచ్చబడింది. ఎగువనున్న మెట్టకు అందులో చుక్క రాలేదు. ముక్త్యాల, వేదాద్రి కృష్ణ ఒడ్డునే ఉన్నాయి, కాని ఏరు పల్లాన, చేలు మెరకన. మున్నేరు, వైరా, కట్టలేరు, పాలేరు వానాకాలంలో పొంగి పారి, ఎండాకాలానికి ఇసుక తేలేవి. నల్లరేగడిలో జొన్న, కంది, పెసర, నువ్వు, ఆముదం. ఏరువాక పున్నమికి అరకలు కట్టాక కార్తెలు లెక్కపెట్టుకుంటూ పని. మాఘ ఫాల్గుణాలకు గింజ గాదెకు చేరితే, మళ్లీ తొలకరి దాకా పొలం పిలవదు. పిలవదంటే చేతులు ముడుచుకు కూర్చున్నారని కాదు. పెంట తోలడం, గట్లు వెయ్యడం, జనపనార పేనడం ఉండనే ఉన్నాయి. కాని అవి రేపు చేసినా మునిగేది లేని పనులు. ఆ వాయిదాలోనే పెళ్లిళ్లు, పురాణాలు, తిరునాళ్లు, నాటకాలు అన్నీ ఇమిడిపోయేవి. పురాణం వింటూ పలుపుతాడు పేనినవాడిది పనా, కాలక్షేపమా అని విడదీసే అవసరం అప్పట్లో ఎవరికీ పడలేదు.

నలుగురూ ఒకచోట చేరడం ఈ నేలకు కొత్తేమీ కాదు. జగ్గయ్యపేట ఒడ్డునున్న ధనంబోడు కొండ మీద బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడి ఆయక స్తంభాల శాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరానివి, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటివి. వాటిని నిలిపింది రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పకారుడు. తండ్రి, తల్లి, భార్య, పిల్లలు, ఇలా ఇంటిల్లిపాదినీ రాతిలో చెప్పుకుని మరీ వెలగిరి మహాచైత్యం తూర్పు వాకిట అయిదు స్తంభాలు ఎత్తించాడు. ఇప్పుడు గుళ్లో ఫ్యాను ఇచ్చినవాళ్లు దాని రెక్కల మీద పేర్లు రాయించుకోవడం చూసి నవ్వుకుంటాం గాని, ఆ ముచ్చట వయసు పదిహేడు వందల ఏళ్లు.

ఆ కొండ కింది ఊరి పాత పేరు బేతవోలు. చింతపల్లి జమీందారు, తర్వాత అమరావతిలో కాపురం పెట్టిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టి దాన్ని పేట చేశాడు. పేట అంటేనే బజారు. చుట్టుపక్కల రైతుకు బజారు ప్రయాణమంటే బండి కట్టి పొద్దున బయల్దేరి చీకటికి చేరడం. కొనేది ఉప్పూ, బట్టా, నాగటి కర్రూ. వెంట తెచ్చుకునేది మాత్రం పది ఊళ్ల కబుర్లు. సంబంధాలు కుదిరిందీ, తగాదాలు తెగిందీ, నాటకం కంట్రాక్టరు కలిసిందీ చాలావరకు అలాంటి బజారుల్లోనే.

అన్నిటికన్నా పెద్ద కలయిక పెనుగంచిప్రోలు తిరునాళ్లు. మున్నేటి ఒడ్డున వెలసిన తిరుపతమ్మ దేవత కాకముందు రైతు ఇంటి కోడలు. భర్త గోపయ్య ఆవుల మందతో అడవికి పోయి పులి వాత పడ్డాడని, ఆమె యోగాగ్నిలో కలిసిపోయిందని కథ. పాడి, కరువు, అత్తింటి ఆరళ్లు, ఊరి పుకార్లు, అన్నీ ఉన్న కథ. మెట్టపల్లెల ఆడవాళ్లకు ఆమె దగ్గర బెరుకు లేకపోవడానికి కారణం ఇదే అనిపిస్తుంది. మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్లు, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్లు. జొన్న కోతల లెక్కకు సరిగ్గా తగిన తిథులు. గూడుబండ్లలో ఇంటిల్లిపాదీ కదిలి, ఏటి ఇసుకలో రాళ్లపొయ్యి మీద పొంగలి పెట్టుకుని, పిల్లలకు జీళ్లూ బొమ్మలూ కొని, ఒక రాత్రి అక్కడే పడుకుని వచ్చేవారు. ఏడాదిలో ఆడవాళ్లు ఊరి పొలిమేర దాటిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో దాని విలువ వేరు.

ఇక్కడ ఒక సంగతి దాటేసి పోకూడదు. రావిచెట్టు అరుగు మీద పులిజూదం ఆడినవాళ్లెవరు? రాత్రంతా నాటకం చూసి పొద్దెక్కేదాకా పడుకోగలిగినవాళ్లెవరు? ఆసామి తీరిక వెనక పాలేరు ఉన్నాడు. ఉగాది నుంచి ఉగాదికి జీతం కుదుర్చుకున్న మనిషి. తిరునాళ్లకు బండి తోలింది అతనే, అక్కడా ఎడ్లకు మేత వేసింది అతనే. జగ్గయ్యపేట పక్కన పారే ఏటి పేరూ పాలేరే. ఎండాకాలంలో ఆ ఏటికైనా విశ్రాంతి ఉండేది. ఇంటి ఆడవాళ్ల సంగతీ అంతే. వాళ్ల సరదాలు చాలావరకు పనిలోనే దాక్కుని ఉండేవి. కలుపుల్లో పాట, దంపుళ్లలో పాట, మధ్యాహ్నం వామనగుంటలు, అట్లతద్దినాడు ఉయ్యాల. ఊరికే కూర్చుంటే ఏమైనా అంటారేమోనన్న భయం వాళ్లకు ఉన్నంతగా మగవాళ్లకు లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాలక్షేపానికి కొత్త సరుకు చేరింది, అది చదువు. ఈ మెట్టకు అందులో ఉన్న వాటా సామాన్యమైనది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు 1877లో పెనుగంచిప్రోలులో పుట్టాడు. ఆయన దివానుగా ఉన్న మునగాల పరగణా నందిగామ తాలూకాలోనిదే, చుట్టూ నిజాం రాజ్యం మధ్యలో ఇది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, లక్ష్మణరావు ప్రభృతుల పూనికతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలై చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగులోకి తెచ్చింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు తిరిగి తిరిగి పల్లెల్లో పఠనమందిరాలు పెట్టించారు. వాటిలో చదివేవాడు ఒకడైతే వినేవాళ్లు పదిమంది. గ్రంథాలయమంటే నిశ్శబ్దం పాటించాల్సిన చోటన్నది పట్నం మర్యాద. పల్లెలో అది పత్రిక బిగ్గరగా చదివే అరుగు.

చిత్రమేమంటే పుస్తకాలకు పెట్టింది పేరైన ఆ మునగాలలోనే 1930లలో రైతులు జమీందారీ వసూళ్ల మీద, వెట్టి మీద తిరగబడ్డారు. వెట్టి అంటే కూలి ఎగ్గొట్టడమే కాదు, మనిషి పొద్దును లాక్కోవడం కూడా. నా లెక్కలో వెట్టి వద్దన్న ఆందోళన కూడా ఈ చరిత్రలో ఒక పుటే. తన సాయంత్రం తనది కానివాడు పఠనమందిరానికి ఎలా వస్తాడు?

నాటకాల పిచ్చి ముదిరిందీ ఈ దశకాల్లోనే. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర పద్యాలతో సహా కంఠతా వచ్చిన రైతులు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. సాయంత్రం గొడ్లకు మేత వేసి, స్నానం చేసి, రామమందిరంలో హార్మోనియం ముందు కూర్చుంటే రిహార్సలు రెండో జాము దాకా సాగేది. పెట్రోమాక్సు వెలుగులో దుర్యోధనుడు రాగం తీస్తుంటే కింద నుంచి ఒన్స్ మోర్. మర్నాడు ఆ దుర్యోధనుడే అరక పట్టేవాడు. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి ఈ పిచ్చినే మరో దారికి మళ్లించింది. బుర్రకథ పురాణం విడిచి రైతు కష్టం చెప్పడం మొదలుపెట్టింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకం 1947లో వచ్చింది. కథ తెలంగాణ రైతులది. నిజాం సరిహద్దు ఊళ్లవాళ్లకు అది పొరుగూరి కథ కూడా కాదు, ఏరు దాటితే కనిపించే సంగతి. ఆ మరుసటేడు, 1948 డిసెంబరు 1న, విజయవాడ ఆకాశవాణి మొదలైంది. పంచాయతీ రేడియో చుట్టూ చేరి పాడిపంటల కార్యక్రమంతో పాటు నాటకాన్నీ విన్నారు. నాటకం వేసే ఊరు నాటకం వినే ఊరుగా మారడం అక్కడ మొదలైంది.

అసలు మార్పు మాత్రం కాలువతో వచ్చింది. నందికొండ దగ్గర డ్యాం కట్టాలని పట్టుబట్టి తిరిగినవాళ్లలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వర ప్రసాద్ ముందువరసలో ఉన్నారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. బెజవాడ ఆనకట్టకూ దీనికీ మధ్య 112 ఏళ్లు. ఎడమ కాలువ చివరి ఆయకట్టు ఈ మెట్ట తాలూకాలకు చేరింది. జొన్నచేలు పత్తిచేలయ్యాయి, మిరపతోటలయ్యాయి. డాబాలు లేచాయి, పిల్లలు ఇంజనీర్లయ్యారు. కాలువ ఇచ్చినదాన్ని కాదనడం కృతఘ్నత.

కాని అది తీసుకున్నదీ ఒకటుంది. కాలువ చివరి రైతుకు నీరు ఎప్పుడొస్తే అప్పుడే పొద్దు. రాత్రి వస్తే రాత్రే తూము దగ్గర కాపలా. పత్తి ఒక్క కోతతో పోయేది కాదు, విడత విడతకూ ఏరాలి. పురుగుకు కార్తె తెలియదు, మందు కొట్టడానికి ఆదివారం లేదు. మిరప కోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుని, ఎండబోయడం, తాలు ఏరడం, టిక్కీలు తొక్కడంతో శివరాత్రి దాటిపోతాయి. పెనుగంచిప్రోలు పెద్ద తిరునాళ్లు సరిగ్గా అప్పుడే. జొన్న రోజుల్లో తీరుబడి నెలకు కుదిరిన పండుగ ఇప్పుడు ఏడాదిలో ఊపిరి సలపని నెలలో పడుతోంది. పండుగ కదల్లేదు, పంట కదిలింది.

రైతు పండుగను మాత్రం వదులుకోలేదు, కుదించుకున్నాడు. రాత్రి మకాం పోయింది. కల్లంలో కాయ మీద పట్టా కప్పి, సాయంత్రం ట్రాక్టరు ట్రక్కులోనో ఆటోలోనో వెళ్లి, కల్యాణం చూసి, తెల్లారేసరికి వెనక్కి. రాత్రంతా సాగే పద్యనాటకం రెండు మూడు సీన్లకు తగ్గింది. 1995లో వచ్చిన ఈటీవీ పొద్దున్నే అన్నదాత కార్యక్రమంతో పలకరిస్తే, రాత్రిని సీరియళ్లు తీసుకున్నాయి. ఆడవాళ్లకు డ్వాక్రా సంఘాలు వచ్చాయి. లెక్కన అవి పొదుపు సమావేశాలు. నిజానికి పదిమంది ఆడవాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఒక గంట కలిసి కూర్చోగలిగిన మొదటి చోటు అది. ఏ ప్రభుత్వ నివేదికలోనూ ఈ లాభం లెక్కకు రాదు.

ఎడ్ల కథ మరీ వింత. దుక్కికి ట్రాక్టరు వచ్చాక చాలా ఇళ్లలో కాడి అటకెక్కింది. అదే కాలంలో బండలాగుడు పందాలు పెరిగాయి. ఒంగోలు జాతి గిత్తల్ని పళ్లను బట్టి వర్గాలు చేస్తారు: రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. పెట్టిన గడువులో బరువైన బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఆ జతకు ఉలవలు ఉడకబెట్టాలి, రోజూ నడిపించాలి, కడగాలి, కాపు కాయాలి. ఒకప్పుడు రైతుకు తీరిక దొరికిందంటే ఎడ్లకూ దొరికినట్టే. ఇప్పుడు ఎడ్లే రైతు సరదా, ఆ సరదాకు పొలం కన్నా ఎక్కువ చాకిరీ. ఇంత ఖర్చు దేనికయ్యా అని ఇంట్లోవాళ్లు అడిగితే అతని దగ్గర జవాబుండదు. పిచ్చి అన్న పాత మాటే కాపాడాలి.

ఆ ఎడ్లన్నీ రోడ్డెక్కే రోజు ఒకటుంది. పెనుగంచిప్రోలు దేవతామూర్తులకు రెండేళ్లకోసారి రంగులు వేయిస్తారు. అందుకు వాటిని జగ్గయ్యపేట తీసుకెళ్తారు. రంగులు పూర్తయ్యాక ఊరేగింపుగా తిరిగి తెస్తారు, వెంట అలంకరించిన ఎడ్లబండ్లు. దారిలో పక్కనే పత్తి, మిరప. ఇటు బండ్ల వరస, అటు కాయ కోసేవాళ్ల వరస. కోసేవాళ్లు ముఠా మేస్త్రీతో బేరం మాట్లాడుకుని వచ్చినవాళ్లు, రోజు కూలి పోతే పోయినట్టే. అయినా డప్పు దగ్గరపడేసరికి నడుం ఎత్తి, తట్ట గట్టు మీద పెట్టి, బండ్లు దాటేదాకా నిలబడతారు. చేను ఆసామి ఆ వరసలోనే బండి తోలుతుంటాడు కనుక, అదిలించేవాడు ఎవడూ ఉండడు.