మాండలిన్ శ్రీనివాస్

ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీత విద్వాంసుడు. పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్‌పై చిన్నప్పుడే మనసుపడ్డాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు తీగలపై పలికించేవాడు. గాత్రపు ఒయ్యారం ఆ వాదనంలో వినబడేది బహుశా ఇందుకే. జంట తీగల మామూలు మాండలిన్‌పై గమకం సరిగా నిలవదు. అందుకని రాక్ గిటార్లకు మల్లే గుల్ల లేని చెక్కతో చేసిన, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ సరసన వాయించాడు. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ ఆల్బమ్ (1995) చేశాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించాడు. తమ్ముడు రాజేష్ కూడా మాండలిన్ విద్వాంసుడే.