తాతతండ్రుల జాడ: తిరువూరు సీమలో వంశచరిత్ర

తిరువూరునుండి ఒక శ్రోత మాకు వ్రాసిన ఉత్తరములో ప్రశ్న ఒక్కటే: ‘మా ముత్తాత తండ్రి పేరు ఏ ప్రభుత్వ కార్యాలయములోనైనను దొరుకునా?’ ప్రశ్న చిన్నది. సమాధానము వెదకబోగా ఒక తాలూకా చరిత్ర యంతయు దానివెంట వచ్చినది.

తిరువూరు ఖమ్మం సీమ కానుకొనియున్న మెట్టప్రాంతము. 1859లో ఏర్పడిన కృష్ణాజిల్లాలో చిరకాలముండి, 2022 ఏప్రిలులో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. పూర్వము ఇది ముఖ్యముగా జమీందారీ సీమ. ఈ ఒక్కమాటలోనే మన శ్రోతకు కలిగిన చిక్కంతయు ఇమిడియున్నది. 1802లో శాశ్వత పైసలా చేసిన కుంపిణీ ప్రభుత్వమునకు కావలసినది జమీందారు చెల్లించు పేష్కషు మాత్రమే. ఆ జమీందారు క్రింద ఏ చేను ఎవరు దున్నుచున్నారో దానికి పట్టలేదు. రైత్వారీ గ్రామములలో పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండియే సర్వే నెంబరు కెదురుగా పట్టాదారు పేరు కనబడును. జమీందారీ గ్రామములలో పెక్కింటికి ఆ భాగ్యము 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము తరువాతనే కలిగినది. అంతవరకు రైతు పేరు జమీందారు కచేరీలోనో, గ్రామ కరణము దస్త్రములోనో ఉండవలెను. లేదా ఎచ్చటను ఉండదు.

దీనికొక మినహాయింపు కలదు. 1858లో మద్రాసు ప్రభుత్వము నియమించిన ఇనాము కమిషను మాన్యములన్నిటిని విచారించి రిజిస్టర్లు వ్రాయించినది. ఈ భూమి నెవరిచ్చిరి, ఎవరికిచ్చిరి, ఇప్పుడనుభవించువా రెవరు, వారి వయస్సెంత, మొదటి గ్రహీతకు వారేమగుదురు అను వివరములు ఆ గడులలో నున్నవి. నూరెకరములు సేద్యము చేసిన ఆసామి పేరు కానరానిచోట, దేవళములో సన్నాయి వాయించి రెండెకరముల మాన్యము తినిన భజంత్రీ పేరు వయస్సుతోసహా దొరకుట మాకు వింతగా తోచినది. వంశము వెదకువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ‘మాకు ఇనాము భూమి యుండెనా?’ అనునది.

మన శ్రోత వంశమునకు ఇనాము లేదు. వారింటికి పోయి చూడగా, అటకమీద ఎఱ్ఱ గుడ్డలో కట్టిన కాగితముల మూట యొకటి కనబడినది. డొక్కల కరువులో గుంటూరు సీమనుండి తమ పెద్దలు ఈ మెట్టకు వలస వచ్చిరని వారింట తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ కరువు నందన సంవత్సరములో, అనగా 1832-33లో వచ్చినది. గుంటూరు సీమలో లక్షకు మించిన జనము నశించిరి. మూటలోని ఒక కవులు కాగితముమీద ‘నందన సం॥ మార్గశిర’ అని స్పష్టముగా నున్నది. ఇంటివారి ముఖములు వికసించినవి. మేమును సంతోషించితిమి. తరువాత క్రింది పంక్తి చదివితిమి: ఫసలీ 1302.

మన సంవత్సరముల పేర్లు అరువదేండ్ల కొకమారు తిరిగివచ్చును. నందన 1832లో వచ్చినది, 1892లో వచ్చినది, 1952లోను 2012లోను వచ్చినది. పేరునుబట్టి మాత్రమే కాలము నిర్ణయించిన వారు ఒక్క అడుగులో రెండు తరములు దాటిపోవుదురు. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును, శాలివాహన శకమునకు 78 కలుపవలెను. ఫసలీ 1302 అనగా 1892-93. ఆ కాగితము కరువునాటిది కాదు, మరి అరువదేండ్ల తరువాతిది. వలసకథ అబద్ధమని దీనివలన తేలలేదు, నిజమనియు తేలలేదు. ఈ మాట చెప్పుటకు మాకు నోరాడలేదు. అయినను చెప్పితిమి. ఇంటిపెద్ద కొంతసేపు ఊరకుండి, ‘అయితే వాళ్లు వచ్చింది ఎప్పుడో ఇంకా వెదకాల్సిందే’ అన్నారు.

పెద్ద పెద్ద గ్రంథములలోనే ఇట్టి పొరపాట్లున్నప్పుడు ఒక కుటుంబము నేమనగలము? మన గ్రామచరిత్రలకు మూలాధారమని చెప్పదగినవి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతులు. మెకంజీ స్కాట్లండులోని లూయిస్ ద్వీపమువాడు. లాగరిథములు కనిపెట్టిన జాన్ నేపియరు వంశములోని ఒక ప్రభువు తన పూర్వుని జీవితచరిత్ర వ్రాయబూని, హిందువుల గణితమునుగూర్చి సమాచారము కూర్చుపని ఇతనికి అప్పగించెనని ప్రసిద్ధి. అనగా ఈ మహాసేకరణ వెనుక కూడ ఒక కుటుంబము తన తాతను వెదకుకొన్న కథయే యున్నది. ఇతనికి కుడిభుజములైనవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొఱ్ఱయ్య 1803లో చిన్నవయస్సుననే గతించెను. తమ్ములు ఆ పని కొనసాగించిరి.

కైఫియతులు వ్రాయించి యిచ్చినవారు చాలవరకు గ్రామ కరణములు. గుంటూరు ప్రాంతపు కైఫియతులు పెక్కింటిలో ఒకే కథ కనబడును: కాకతి గణపతిదేవుని ప్రధాని గోపరాజు రామన్న శకము 1067లో గ్రామ కరణీకములు నియోగులకు ధారపోసెనని. శకము 1067 అనగా 1145. గణపతిదేవుడు సింహాసన మెక్కినది 1199లో. అర్ధశతాబ్దికి పైగా తేడా! తమ మిరాశి ప్రాచీనమని చూపుట కరణములకు అవసరము. వ్రాత వారి చేతిలో నున్నది. ఇందువలన కైఫియతులు పనికిరావని మా అభిప్రాయము కాదు. చెరువు నెవరు త్రవ్వించిరి, ఊరెప్పుడు పాడైనది, శిస్తు ఎవరికి పోయినది మొదలగు సంగతులకు వానివంటి ఆధారము వేఱొకటి లేదు. వంశగౌరవము తగిలినచోట మాత్రము శాసనముతో సరిచూడవలెను.

కరణముల దస్త్రములైనను ఇప్పుడెన్ని మిగిలినవి? 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినప్పుడు సర్కారు లెక్కలు ప్రభుత్వమునకు చేరినవి. సొంతముగా వ్రాసికొన్న కవిలెలు, చిఠ్ఠాలు, జాబులు ఇండ్లలోనే యుండిపోయి, ఇల్లు పడగొట్టినప్పుడు చెదలపాలో పొయ్యిపాలో అగుచున్నవి. 

కాగితముతో పనిలేని వంశచరిత్రకారులు మనకుండిరి. రెడ్లకు, కాపులకు గోత్రములు చెప్పు పిచ్చిగుంట్లవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు పంటలకాలమున వచ్చి, పేర్లు వరుసగా గానము చేసి, గింజలు పట్టుకొని పోయెడివారు. సెంటు భూమి లేనివాని తాతపేరు సర్కారు రికార్డులో వెదకుట వృథా. డక్కలివాని నోట ఉండవచ్చును. ఇప్పు డా రాకపోకలు మిక్కిలి తగ్గినవి. వచ్చినవారిని కూర్చుండబెట్టి వారి పాట రికార్డు చేసికొనుట, ఏ రిజిస్టరు తిరుగవేయుటకన్నను ముందు చేయవలసిన పని. రిజిస్టరు రేపటికిని ఉండును.

తిరువూరువారికి మరియొక చిక్కు సరిహద్దు. మధిర ప్రాంతముతో వియ్యములు పూర్వమునుండి ఉన్నవి. అది నిజాము రాజ్యము. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడువరకు వరంగల్లు జిల్లాలోనిది. ఆడపడుచు నిచ్చిన ఇంటి లెక్కలు చూడవలెనన్న ఉర్దూలోని సేత్వారు చదువగలవారు కావలెను. 1954-55 నాటి ఖాస్రా పహాణీ వేఱు.

మన శ్రోత ప్రశ్నకు ప్రభుత్వ కార్యాలయములో సమాధానము దొరకలేదు. వారి మేనత్తగారు, ఎనుబదియేండ్లు దాటినావిడ, వంటయింటి గడపలో కూర్చుండి మా మాటలన్నియు వినుచుండిరి. తద్దినములో మూడు తరముల మగవారితోపాటు వారి భార్యల పేర్లును చెప్పుదురు గదా. తన తండ్రి పెట్టిన తద్దినములలో చిన్ననాడు విన్న పేర్లు ఆవిడ ఒక్కొక్కటిగా చెప్పినారు. రెండవది ముత్తాత తండ్రి పేరు. ఆ వెనువెంటనే ఆయన భార్య పేరు, ఆమె పుట్టినయూరు. ఊరు గుంటూరు సీమలోనిది కాదు, మధిర దగ్గరిది. ఇంటిపెద్ద ఆ కవులు కాగితము వెనుకనే పేర్లు వ్రాయబోగా మేము వారించి, వేఱొక కాగితము తెప్పించితిమి.