రాఘవాపురంలో మొదలైన రాత్రి చదువు



మన సంఘంలో సేవాలాల్ జయంతి జరుపుకునే ఇళ్లున్నాయి, ఆదివారం ఆరాధనకు వెళ్లే ఇళ్లున్నాయి, రెంటికీ వెళ్లే ఇళ్లు కూడా ఉన్నాయి. ఈ వ్యాసం ఎవరినీ ఒకవైపు లాగడానికి కాదు. మన కీసర, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో పేదల ఇళ్లలోకి పుస్తకం మొదటిసారి ఏ దారిన వచ్చిందో చెప్పాలంటే బైబిలు చదివే అలవాటు గురించి చెప్పక తప్పదు. పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. అందుకే మేము రాస్తున్నాం.

మన ప్రాంతానికి అక్షరం కొత్త కాదు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి ప్రాకృత శాసనాలు దొరికాయి. 1882లో బర్జెస్ దొర అక్కడ తవ్వించాడు. పదహారు, పదిహేడు వందల ఏళ్ల కిందటే ఇక్కడ రాయి మీద రాసేవాళ్లున్నారు. కానీ ఆ రాత మన తాతముత్తాతల చేతికి రాలేదు. అక్షరం ఊళ్లో ఉండటం వేరు, అది మన గడప దాటి లోపలికి రావడం వేరు.

తెలుగు బైబిలు కూడా చాలాకాలం అలాగే గడప బయటే ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి మద్రాసులో ఉంటూ 1727 - 1732 మధ్య బైబిలును తెలుగులోకి తిప్పాడు. అది అచ్చు కాలేదు. 1746లో జర్మనీలోని హాలే పట్నంలో ఆయన అచ్చు వేయించిన చిన్న పుస్తకాలనే మొదటి తెలుగు అచ్చు పుస్తకాలంటారు. ఆ తర్వాత విశాఖపట్నంలో డి గ్రాంజెస్, ఆయనకు తోడుగా ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు కలిసి చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆనందరాయర్ లాంటి వాళ్ల పేర్లు అట్టమీద కనబడవు. భాష మాత్రం వాళ్లదే.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం వచ్చారు. నోబుల్ 1843లో అక్కడ బడి పెట్టాడు. ఆ బడిలో చేరింది ఎక్కువగా పై కులాల పిల్లలు. పై కులాలు మారితే కింది కులాలు వాటంతటవే వస్తాయని ఆనాటి లెక్క. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. ఆ లెక్కను తలకిందులు చేసింది మన మెట్ట ప్రాంతమే.

నందిగామ వైపున్న రాఘవాపురంలో, ఆనాటి మాటలో మాలపల్లెలో, పగోలు వెంకయ్య అనే మనిషి ఉండేవాడు. మిషన్ రాతలు ఆయన్ని దోపిడీ ముఠా పెద్దగా చెబుతాయి. (ఎవరిని ఎవరు దొంగ అన్నారో మన జాతుల వాళ్లం కాస్త ఆగి ఆలోచించాలి. ఈ మాట మళ్లీ వస్తుంది.) రాళ్లకు మొక్కడం వృథా, అందరికీ పెద్ద దేవుడు ఒకడున్నాడని ఎవరో అన్న మాట ఆయన మనసులో నాటుకుంది. ఆ దేవుడెవరో తెలియకుండానే, నువ్వెవరో నాకు కనబడు అని కొన్నేళ్లపాటు మొక్కుకున్నాడట. 1859లో కృష్ణ స్నానాలకు బెజవాడ వెళ్లినప్పుడు అక్కడి పాదిరి థామస్ డార్లింగ్ సంగతి తెలిసి, తన వాళ్లతో వెళ్లి కలిశాడు. డార్లింగ్ అప్పటికి ఏళ్ల తరబడి బోధిస్తున్నా ఫలితం పెద్దగా లేదు. అలాంటిది, వెతుక్కుంటూ ఒక పల్లె పల్లే ఆయన గుమ్మంలోకి వచ్చింది. ఆ ఏడాదే వెంకయ్య, ఆయన వాళ్లు బాప్తిస్మం పుచ్చుకున్నారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లకు ఈ సంగతి చెప్పింది ఎక్కువగా ఆయనే, ఆయన బంధువర్గమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బడిలో అడుగుపెట్టనివ్వని మనుషులు పుస్తకం చదివే అలవాటు ఎలా చేసుకున్నారు?

వినడంతో. పగలంతా రైతుల పొలాల్లో పని. తీరిక దొరికేది రాత్రి అన్నాల తర్వాతే. మిషన్ పంపిన పంతులు ఒకడుండేవాడు, పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన, రెండూ ఆయన పనే. దీపం దగ్గర కూర్చుని ఆయన కొద్దిగా చదివేవాడు. ఒక కథో, పది వచనాలో, అంతే. మిగతా వాళ్లు తిరిగి చెప్పాలి. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి రావాలి. అక్షరం రాని ముసలమ్మ కూడా నెలల తరబడి విని విని అధ్యాయాలు ఒప్పచెప్పేది. బుర్రకథ, రామాయణం, వంశచరిత్ర నోటితోనే దాచుకున్న మనుషులకు ఇది కష్టమైన పని కాదు. కాలక్రమంలో ఆ దీపం దగ్గరే కూర్చున్న పిల్లలు అక్షరం పట్టారు. తండ్రికి చదివి వినిపించే కొడుకు, అత్తకు చదివి వినిపించే కోడలు ఇళ్లలో తయారయ్యారు.

1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి. ఎస్. అజరయ్య ఈ పద్ధతిని తన అధ్యక్ష మండలంలో గట్టిగా నిలబెట్టాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయన. ఊరూరా సాయంత్రం ప్రార్థన, కంఠతా పాఠం, పాట, కథ ఉండాలని పట్టుబట్టాడు. బైబిలు కథలను తెలుగు బాణీల్లో పాడించాడు. పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్లు అంతకు ముందే రాసిపెట్టిన కీర్తనలు అక్షరం రాని ఇళ్లకు పుస్తకంలా పనికొచ్చాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక మన వైపు ఊళ్లు కృష్ణా గోదావరి అధ్యక్ష మండలంలోకి వచ్చాయి. ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు.

ఇదంతా దళితుల చరిత్ర కదా, మన గిరిజనులకేం సంబంధం అని మీరు అడగొచ్చు. సంబంధం ఉంది. అది రెండు రకాలుగా ఉంది, రెండూ ఒకేలా లేవు.

ఒకటి దుమ్ముగూడెంలో. గోదావరి మీద కాలువ పనులు నడిపిన హేగ్ అనే ఇంజనీరు ప్రోత్సాహంతో 1860ల్లో అక్కడ కోయల మధ్య పని మొదలైంది. మొదట ఆ బాధ్యత తీసుకున్నది ఆయన దగ్గర పనిచేసిన వెంకటరామరాజు అనే తెలుగువాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని, కోయల ఆచారాల గురించి పత్రికల్లో రాశాడు. 19వ శతాబ్దం చివర్లో లూకా సువార్త కోయ మాటల్లోకి వచ్చింది. అడవిలో మాట్లాడుకునే భాష కాగితం మీద నిలబడగలదని కోయ పిల్లలు చూసిన తొలి సందర్భాల్లో అదొకటి.

రెండోది అంత చల్లని కథ కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలుగా రాసేశారు. వాళ్ల కోసం పెట్టిన సెటిల్మెంట్లను సాల్వేషన్ ఆర్మీ లాంటి మిషన్లకు అప్పగించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, కృష్ణకు ఆవల సీతానగరం అలాంటివే. నెల్లూరు వైపు కావలిలో బాప్టిస్టు మిషన్ చూసేది. అక్కడా బడి ఉంది, ప్రార్థన ఉంది, బైబిలు ఉంది. కానీ హాజరు పిలుపు కూడా ఉంది, బయటికి వెళ్లాలంటే పాసు కావాలి. కొందరు నిజంగానే అక్కడ చదువుకున్నారు, నమ్మారు, వాళ్ల మనవలు టీచర్లయ్యారు. ఆ మేలును కాదనలేం. అయినా పోలీసు లెక్కతో పాటు వచ్చిన వాక్యాన్ని, రాఘవాపురం వాళ్లు కోరి తెచ్చుకున్న వాక్యాన్ని మేము ఒకే గాటన కట్టం. ఒకే పుస్తకం, ఒకే వేళ, ఒకే పాట. తేడా అంతా లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. వెంకయ్యనూ దొంగ అన్నారు, ఎరుకల తాతనూ దొంగ అన్నారు. ఒకరు తన కాళ్లతో నడిచి వెళ్లారు. ఇంకొకరిని నడిపించి తీసుకెళ్లారు. ఆ చట్టం 1952లో రద్దయింది.

మేము ప్రభుత్వ వసతి గృహంలో పనిచేసేవాళ్లం. మతబోధ మా పని కాదు, చేయకూడదు. చదివే అలవాటు మాత్రం మా పనే. అందుకే ఈ తేడాను రోజూ గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. స్టడీ అవర్లో గంట కొట్టి కూర్చోబెడితే పిల్లలు కూర్చుంటారు. సెలవులకు తండాకు వెళ్లాక పుస్తకం తీస్తారా అన్నది వేరే ప్రశ్న. తీసే పిల్లలు ఎవరని చూస్తే, ఇంట్లో వినేవాళ్లు ఉన్న పిల్లలే. నానమ్మ చదవమని అడుగుతుంది. ఆమె అడిగేది బైబిలు కావచ్చు, పింఛను కాగితం కావచ్చు.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు. పాత తెలుగు బైబిలు భాష ఆ రెండూ కాదు, గ్రాంథికం. చదువుతారు గానీ సగం అర్థం కాదు. అయితే తండాల్లో చక్కటి పద్ధతి ఒకటి ఉంది. పిల్ల తెలుగులో ఒక వాక్యం చదువుతుంది, పెద్దవాళ్లలో ఎవరో దాన్ని గోర్ బోలిలో చెబుతారు, మాట కుదరకపోతే అందరూ కలిసి వెతుకుతారు. షుల్జ్, ఆనందరాయర్ చేసిన పని అదే. ఇప్పుడు లంబాడీ భాషలో తెలుగు లిపితోనే కొత్త నిబంధన దొరుకుతోంది, ఫోనులో వినొచ్చు కూడా. వినడం మంచిదే. కానీ పొద్దున్నే వచనం ఒకటి స్టేటస్ పెట్టి, ముందూ వెనకా ఏముందో చూడకపోవడాన్ని చదవడం అనలేం. రోజుకు పది వచనాలు చాలు, పక్కన ఒక మనిషి ఉండాలి, చదివింది మన మాటల్లో తిరిగి చెప్పాలి. రాఘవాపురం వాళ్లు చేసింది అంతే. భగవద్గీతకైనా, అంబేడ్కర్ రచనలకైనా, ఖురానుకైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, మమ్మల్ని చాలామంది పిల్లలు భయంగా అడుగుతారు గనుక. బైబిలు చదివినా, ప్రార్థనకు వెళ్లినా గిరిజన ధ్రువపత్రం పోదు. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ఉంది, దానితో దీన్ని కలిపి కొందరు భయపెడుతుంటారు.

చివరగా ఒక పని. మీ ఇళ్లలో పాత బైబిలు ఉంటే అట్ట తెరిచి చూడండి. ముందు, వెనక ఉన్న ఖాళీ కాగితాల మీద పుట్టినరోజులు, పెళ్లిళ్లు, చావులు రాసి ఉంటాయి. కొన్ని ఇళ్లలో తాతమ్మ పుట్టిన ఏడాదికి అంతకు మించిన ఆధారం లేదు. చెదలు పట్టకముందే ఆ పేజీలను ఫోటో తీసి, ఆ రాత ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, పక్కన రాసి పెట్టుకోండి.